.470 డబుల్ రైఫిల్‌కు తూటాలు: ప్రాజెక్టు డైరీ

బల్ల మీద ఉన్నది బర్మింగ్‌హామ్‌లో తయారైన బాక్స్‌లాక్ డబుల్ రైఫిల్, అంటే పక్కపక్కన రెండు గొట్టాలున్నది. క్యాలిబర్ .470 నైట్రో ఎక్స్‌ప్రెస్, గొట్టాలు 26 అంగుళాలు, బరువు 4.8 కిలోలు. లోపలి యంత్రాంగం 1875 నాటి ఆన్సన్ అండ్ డీలీ పద్ధతిది. ఈ రైఫిల్‌కు ఏ తూటా సరిపోతుందో దాన్నే కొలిచి తెలుసుకుని, ఆ కొలతకు తూటా కట్టాలన్నది పని. ముందే ఒక రెసిపీ పట్టుకుని రైఫిల్‌ను దానికి అలవాటు చెయ్యాలని చూస్తే మిగిలేది ఉబ్బిన గొట్టం.

పని జరుగుతున్నది టెక్సాస్‌లో. ఇండియాలో ఉన్నవాళ్లు దీన్ని చదివి వదిలెయ్యండి. అక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మాటే లేదు.

మాటల్లో తికమక రాకుండా: కేసు (ఇత్తడి తొడుగు), ప్రైమర్ (దెబ్బకు నిప్పు పుట్టించే అడుగు బిళ్ల), మందు, గుండు, ఈ నాలుగూ కలిస్తే తూటా. గొట్టం లోపల మెలికలు తిరిగే పల్లం గాడి, గాడికీ గాడికీ మధ్య ఎత్తు గట్టు.

1వ రోజు: గుర్తులు చదవడం

గొట్టాలు విప్పి, అడుగున చదునుగా ఉన్న చోట కిరసనాయిలు గుడ్డతో తుడిచాం. కిరీటం కింద బి.పి., బి.వి., ఎన్.పి. ముద్రలు బయటపడ్డాయి. తుపాకులను పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలివి. ఎన్.పి. అంటే నైట్రో (పొగలేని) మందుతో పరీక్ష నెగ్గిందని. లండన్‌లో పరీక్షించినదైతే ఎన్.పి. పైన కత్తి పట్టిన చెయ్యి బొమ్మ ఉంటుంది. ఎన్.పి. ముద్ర లేకపోతే అది పాత నల్ల తుపాకిమందు కాలపు రైఫిల్ అయి ఉండొచ్చు, ఇక్కడ రాసేదేదీ దానికి పనికిరాదు.

పక్కనే చిన్న అక్షరాల్లో "కార్డైట్ 75-500 మ్యాక్స్" అని ఉంది. 500 గ్రెయిన్ల గుండు, అంటే 32.4 గ్రాములు, వెనక 75 గ్రెయిన్ల కార్డైట్. గొట్టాల జోడీని ఆ లోడుకే, అంటే ఆ గుండూ మందూ కలయికకే, రెండు గుళ్లూ ఒకే చోట తగిలేలా సరిచేశారన్న మాట. ఆ లోడు ఫ్యాక్టరీ వేగం సెకనుకు 2150 అడుగులు.

ఆ 75 అంకెను చూసి ఇవాళ్టి మందు 75 గ్రెయిన్లు పోసెయ్యకూడదు. కార్డైట్ 1889లో ఏబెల్, డ్యూవర్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టినది. నైట్రోగ్లిసరిన్ 58 పాళ్లు, గన్‌కాటన్ 37 పాళ్లు, వ్యాజిలీన్ 5 పాళ్లు కలిపి సేమియాలా దారాలు తీసిన మందు. ఇవాళ్టి మందుల్లో ప్రతిదానికీ మండే వేగం వేరు. అదే బరువులో త్వరగా మండే మందు పోస్తే యాక్షన్ (గొట్టాల వెనకుండే లోహపు దిమ్మె) పగిలిపోతుంది. ముద్రలోని అంకె గుండు బరువుకీ వేగానికీ ఆనవాలు, అంతవరకే దాని ఉపయోగం.

ఈ క్యాలిబర్‌కు ఇండియాతో నేరుగా సంబంధం ఉంది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకి, సూడాన్‌లోకి .450 తూటాలు రాకుండా నిషేధించింది. తిరుగుబాటుదారుల చేతికి చిక్కిన .577/450 మార్టినీ-హెన్రీ రైఫిళ్లకు ఆ గుళ్లు వాడతారని దాని భయం. అప్పటిదాకా రిగ్బీ కంపెనీ 1898లో తెచ్చిన .450దే రాజ్యం. నిషేధంతో తుపాకీ కంపెనీలన్నీ పక్క కొలతల వైపు పరిగెత్తాయి. జోసెఫ్ లాంగ్ తెచ్చిన .470ని చాలామంది తయారీదారులు అందుకున్నారు, అదే నిలిచింది. ఇవాళ కేసులూ గుళ్లూ దొరుకుతున్నాయంటే ఆ గిరాకీ పుణ్యమే.

2వ రోజు: ఒళ్లు పరీక్ష

తూటా సంగతి తర్వాత, ముందు రైఫిల్ ఆరోగ్యం. గొట్టాలను అడుగున ఉండే లంప్ అనే ముద్ద దగ్గర దారంతో వేలాడదీసి వేలి కణుపుతో తట్టాం. గుడిగంటలా సాగే మోత వచ్చింది. పగిలిన కుండలా బొంగురు మోత వస్తే మధ్యపట్టీ అతుకు ఎక్కడో ఊడిందని అర్థం, అలాంటి రైఫిల్‌ను కాల్చకూడదు.

తర్వాత ఫోరెండ్ (గొట్టాల కింది చేతిపట్టు కర్ర) తీసేసి, రైఫిల్ మూసి, గొట్టాలకూ యాక్షన్‌కూ మధ్య వెలుతురు పెట్టి చూశాం. సందులో సన్నటి సిగరెట్ కాగితం కూడా దూరలేదు. దూరితే ముందు గన్‌స్మిత్ దగ్గరకే. కర్రలో, టాంగ్ (యాక్షన్ నుంచి కర్రలోకి వెళ్లే తోక) వెనక, జుట్టుపోగంత చీలిక ఉందేమో భూతద్దంతో వెతికాం. పాత నూనె పీల్చుకుని మెత్తబడిన కర్ర సరిగ్గా అక్కడే విడిపోతుంది. ఇందులో లేదు.

3వ రోజు: చాంబరు అచ్చు, గొట్టం కొలత

చాంబరు అంటే గొట్టం వెనక కొసన తూటా కూర్చునే గది. దాని అచ్చుకు సెర్రోసేఫ్ అనే, తక్కువ వేడికే కరిగే లోహం వాడాం. 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగిపోతుంది కాబట్టి మరిగే నీళ్లలో గిన్నె పెట్టి కరిగించొచ్చు. కరిగిన లోహంలో నీటిచుక్క పడితే చిట్లుతుంది, గిన్నె పొడిగా ఉండాలి. చాంబరు శుభ్రంగా తుడిచి, నూనె పూసీ పూయనట్టు రాసి, గట్లు మొదలయ్యే చోటికి అంగుళం ముందు గుడ్డ ముక్క బిగించి, లోహాన్ని ఒకే ధారగా పోశాం.

సెర్రోసేఫ్‌తో గడియారం చూసుకోవాలి. మొదటి 30 నిమిషాలూ కుంచించుకుంటుంది, అచ్చును బయటికి తోసెయ్యాల్సింది ఆ సమయంలోనే. తర్వాత మెల్లగా ఉబ్బి, పోసిన గంటకు సరిగ్గా చాంబరు కొలతకు వస్తుంది. కొలవాల్సింది అప్పుడు. మర్నాడు తీరిగ్గా కొలిస్తే అంకె తప్పు. 200 గంటలకు అది రెండున్నర వెయ్యో వంతుల అంగుళం పెరిగి కూర్చుంటుంది.

అచ్చు మీద రిమ్ము (కేసు అడుగు అంచు) కూర్చునే పల్లం లోతు 0.043 అంగుళం. కొత్త కేసుల రిమ్ము మందం 0.038. అంటే సందు 0.005, సరిపోతుంది. రిమ్ము ఉన్న కేసులో హెడ్‌స్పేస్ అంటే ఈ సందే. ఎక్కువైతే ప్రైమర్‌కు దెబ్బ చాలదు. తూటా పేలినప్పుడు కేసు వెనక్కి సాగి, అడుగుకు కాస్త పైన లోపలివైపు ఉంగరంలా పలచబడుతుంది. నాలుగైదు సార్లు వాడాక అక్కడే తెగి సగం కేసు చాంబరులో ఉండిపోతుంది.

గొట్టం కొలతకు మెత్తటి సీసపు గుండును కాస్త నూనె రాసి, చెక్క కడ్డీతో, బ్రీచ్ (తూటా పెట్టే) వైపు నుంచి తోసుకుంటూ వెళ్లాం. చెయ్యి ఒకే బరువు తెలిస్తే గొట్టం బాగున్నట్టు. మధ్యలో ఉన్నట్టుండి తేలికైపోతే అక్కడ ఉబ్బు ఉంది. రెండు గొట్టాల్లోనూ అలాంటిదేమీ లేదు.

సీసం మీద అచ్చయిన గాడుల్ని కొలవడంలో ఒక చిక్కు. ఇందులో ఏడు గాడులు. బేసి సంఖ్య కాబట్టి గాడికి ఎదురుగా గట్టు వస్తుంది, మైక్రోమీటర్ అబద్ధం చెబుతుంది. సీసం చుట్టూ 0.001 అంగుళం మందం రేకును బిగువుగా ఒక్క చుట్టు చుట్టి, పైన కొలిచి, 0.002 తీసేశాం. కుడి గొట్టం 0.4745, ఎడమ 0.4740.

పాత డబుల్ రైఫిల్‌కు ప్రాణం ఈ అంకె. గుండు గాడి కొలత కన్నా లావుగా ఉండకూడదు. పాత ఇంగ్లిష్ గొట్టాలు పలచన, ఉక్కు మెత్తన. ఒకే ముక్క రాగితోనో ఇత్తడితోనో చేసిన గట్టి సాలిడ్ గుండు లావుగా దూరితే, లోపలి గట్లు గొట్టాన్ని బయటికి నెట్టి, పై నునుపు మీద మెలికల గీతలుగా కనిపిస్తాయి. ఒకసారి కనిపిస్తే దానికి మరమ్మతు లేదు. అందుకే సీసం నిండిన, 0.474 కొలిచిన వుడ్‌లీ 500 గ్రెయిన్ల మెత్తముక్కు గుండు ఎంచుకున్నాం. పెట్టెలోంచి ఇరవై తీసి కొలిస్తే అన్నీ 0.4738, 0.4740 మధ్యనే ఉన్నాయి. పెట్టె మీది అంకెను నమ్మి కొలవకుండా వదిలెయ్యొద్దు.

5వ రోజు: కేసులు

రైఫిల్‌తో పాటు పదిహేడు పాత కైనాక్ కంపెనీ కేసులు వచ్చాయి. వాటిని పక్కన పెట్టేశాం. అవి బెర్డాన్ రకం, అడుగున రెండు చిన్న కన్నాలు, మధ్యలో దిమ్మె. పాత ప్రైమర్లలోని పాదరసం ఇత్తడిని పెళుసు చేస్తుంది, వేలితో నొక్కితే మెడ చిట్లిన కేసు కూడా అందులో ఉంది. షోకేసుకు బాగుంటాయి.

కొత్తవి నలభై, అడుగున మధ్యలో ఒకే కన్నం ఉండే బాక్సర్ రకం. పొడవు గరిష్ఠం 3.250 అంగుళాలు. అన్నిటినీ 3.240కి కత్తిరించి, అంచు లోపలా బయటా గీరాం. పొడవు అన్నిటికీ ఒకటిగా లేకపోతే చివర్లో కేసు అంచును గుండు మీదికి బిగించే నొక్కు సమంగా పడదు.

పేలి సాగిన కేసును మళ్లీ కొలతకు నొక్కే సైజింగ్ డైలోనే చాలామంది పొరపాటు చేస్తారు. డైని, కేసు అడుగును పట్టుకునే షెల్‌హోల్డర్‌కు తగిలేదాకా తిప్పి బిగించమని కాగితం చెబుతుంది. అలా చేస్తే భుజం (మెడ కింద కేసు వెడల్పయ్యే చోటు) అవసరానికి మించి వెనక్కి వెళ్తుంది, తర్వాతి దెబ్బకు కేసు ఆ మేరకు సాగుతుంది. మా పద్ధతి ఇది: ఈ చాంబరులో ఒకసారి పేలిన కేసు మెడనూ భుజాన్నీ దీపం పొగలో తిప్పి కాటుక పట్టిస్తాం. డైని ఒక చుట్టు పైకి వదిలి కేసును ఎక్కిస్తే, మెడ మీద కాటుక చెరిగిన చోట మెరుపు గీత కనిపిస్తుంది. డైని పావు చుట్టు, ఆ తర్వాత అందులో సగం దించుకుంటూ పోతే ఆ గీత మెడ మీద కిందికి జారుతుంది. కాటుక భుజం మీద సన్నటి వలయంగా చెదిరిన క్షణం ఆపి, లాక్ రింగు బిగించాలి. ఆ కేసు రెండు చాంబరుల్లోనూ బొటనవేలి బరువుకే కూర్చోవాలి. కుడి ఎడమ చాంబరులు అచ్చంగా ఒకటి కావు, బిగువైన దానికి సరిచేసుకోవాలి.

లోపలి పలచదనం చూడటానికి కాగితాల క్లిప్పు వంచి, కొస పదును చేసి, కేసు లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి గీస్తే చాలు. కొస ఎక్కడన్నా గాడిలో తట్టినట్టయితే ఆ కేసు చెత్తబుట్టకే.

మూడు నాలుగు వాడకాల తర్వాత మెడకు వేడి పెట్టాలి. 400 డిగ్రీల సెల్సియస్‌కు కరిగే సూచిక రంగు పూసి, అడుగు నీళ్లలో ఉంచి, మెడకు మాత్రమే మంట. అడుగు భాగానికి వేడి తగిలిన కేసును మళ్లీ నమ్మకూడదు.

6వ రోజు: ఫైరింగ్ పిన్నుల దెబ్బ

మందూ గుండూ లేకుండా ప్రైమర్ ఒక్కటే బిగించిన ఆరు కేసులను, గొట్టం సురక్షితమైన వైపు పెట్టి, చెవులకు రక్షణతో పేల్చి చూశాం. ఎడమ మూడూ పేలాయి. కుడివైపు ఒకటి పేలలేదు, గుంట లోతు లేదు. స్ప్రింగు అలసిపోయిందని మొదట అనిపిస్తుంది. విప్పి చూస్తే ఫైరింగ్ పిన్ను దారిలో పాత నూనె తేనెలా గడ్డకట్టింది. మినరల్ స్పిరిట్‌తో కడిగి, ఒక్క చుక్క పలచటి నూనె పెట్టాక పది కేసులకు పదీ పేలాయి. ప్రైమర్లు లార్జ్ రైఫిల్ మాగ్నమ్ రకం, ఇంత పెద్ద కేసులో మందు నిండా సరిగ్గా అంటుకోవాలంటే అవే కావాలి.

8వ రోజు: మందు

ఈ కేసు కార్డైట్ దారాలకోసం పుట్టింది, కడుపు పెద్దది. ఇవాళ్టి మందుల్లో రెండు దారులున్నాయి. త్వరగా మండేదాన్ని తక్కువ పోసి, మిగిలిన ఖాళీని ఫోమ్ ముక్కతో నింపడం ఒకటి. నెమ్మదిగా మండేదాన్ని ఎక్కువ పోసి, ఖాళీ లేకుండా చూసుకోవడం రెండోది. రెండో దారి పట్టాం. మొదటి దారిలో ఫోమ్ ముక్క మందు మీద నుంచి గుండు అడుగుదాకా సందు లేకుండా ఉండాలి. మధ్యలో గాలి మిగిలితే ఆ ముక్క పరిగెత్తి గుండును గుద్ది, చాంబరు ముందు ఉంగరం లాంటి ఉబ్బు తేస్తుంది. అనుభవం లేని చెయ్యికి రెండోదే మేలు.

ఎంచుకున్నది ఐఎంఆర్ 4831. కొనేటప్పుడు డబ్బా రెండుసార్లు చదవాలి. హాడ్జ్‌డన్ హెచ్4831 అని ఇంకొకటి ఉంది, అంకె ఒకటే, మందు వేరు. ఐఎంఆర్ దానికన్నా త్వరగా మండుతుంది. హెచ్4831 పట్టికలోని బరువును ఐఎంఆర్‌కు వాడితే ప్రమాదమే. డబ్బాల్ని పక్కపక్కన పెట్టొద్దు. బల్ల మీద ఒకసారికి ఒకే డబ్బా.

ఇక్కడ గ్రెయిన్ల అంకె రాయడం లేదు, కావాలనే. బరువు తీసుకోవాల్సింది మందు తయారీదారు ఇప్పటి పట్టిక నుంచి, అదే గుండు, అదే రకం ప్రైమర్ వరుసలోంచి. పట్టికలో కనిష్ఠంగా ఇచ్చిన బరువుతో మొదలు. నెమ్మది మందును కనిష్ఠం కన్నా తగ్గించి "జాగ్రత్త" పడాలనుకోవడం కూడా తప్పే. సగం ఖాళీ కేసులో నెమ్మది మందు సరిగ్గా అంటుకోక, ఆగి, ఒక్కసారిగా ఒత్తిడి ఎగదన్నే ప్రమాదం ఉంది.

ప్రతి కేసుకూ తూకం వేసి పోశాం. తక్కెడను మొదట్లో, ప్రతి పదింటికీ తెలిసిన బరువు రాయితో సరిచూసుకున్నాం. పోశాక అన్ని కేసులనూ దిమ్మెలో నిలబెట్టి, టార్చి వేసి మందు ఎత్తు ఒకేలా ఉందా అని చూడకుండా ఒక్క గుండూ ఎక్కించలేదు.

9వ రోజు: నొక్కు

డబుల్ రైఫిల్‌లో ఒక గొట్టం పేలినప్పుడు రెండోదానిలోని తూటాకూ అదే కుదుపు తగులుతుంది. రైఫిల్ వెనక్కి దూకుతుంది, బరువైన గుండు కదలనంటుంది, కేసులోంచి ముందుకు జారుతుంది. అందుకే గుండు మీది గాడిలోకి కేసు అంచును నొక్కాలి. మొదటి నొక్కుతో ఎడమ చాంబరులో ఒక తూటా పెట్టి, కుడిది ఒకసారి పేల్చి, ఎడమ తూటాను తీసి కొలిస్తే 0.004 పెరిగింది. డైని ఇంకొంచెం దించి రెండోసారి చేస్తే పెరుగుదల లేదు. అక్కడే ఆపాం. అతిగా నొక్కితే భుజం ఉబ్బి చాంబరులో పట్టేస్తుంది. ఇలా నాశనమైన కేసు ఒకటి ఉంది.

12వ రోజు: కాల్పులు

ఇవాళ మొదటి రెండు తూటాలను రైఫిల్‌ను పాత టైరుకు కట్టి, దూరం నుంచి దారం లాగి కాల్చాం. ఆ తర్వాతే భుజానికి. కళ్లద్దాలు, చెవులకు రెండు పొరల రక్షణ.

గురి 50 గజాలు. వరుస ఎప్పుడూ కుడి, ఆ తర్వాత ఎడమ, మధ్యలో పది సెకన్లకు మించకుండా, ఆపైన గొట్టాలు చల్లారేదాకా ఆగడం. వేడి గొట్టంతో గురి అట్ట మీద గుళ్ల అచ్చులు చెదురుతాయి.

పక్కపక్క గొట్టాలు నిజానికి ముందువైపు కొద్దిగా ఒకదానికొకటి వంగి ఉంటాయి. కుడి గొట్టం పేలినప్పుడు రైఫిల్ పైకీ కుడికీ తిరుగుతుంది, ఆ తిరుగుడు పూర్తయ్యేలోపు గుండు బయటపడుతుంది. ఆ లెక్కంతా వేగం మీద నిలబడింది. గుండు నెమ్మదిగా వెళ్తే తిరుగుడు ఎక్కువై కుడిది కుడికి, ఎడమది ఎడమకు విడిపోతాయి. వేగం ఎక్కువైతే ముందే బయటపడి కుడిది ఎడమకు, ఎడమది కుడికి దాటుతాయి. ఏది జరిగిందో గురి అట్ట చూస్తే తెలుస్తుంది.

పట్టిక కనిష్ఠంతో వేగం 1990 అడుగులు, రెండు గుళ్ల మధ్య 6 అంగుళాలు, కుడిది కుడివైపు. ఒక్కో గ్రెయిన్ పెంచుతూ మెట్టుకు రెండేసి జతలు. 2050 దగ్గర 4 అంగుళాలు, 2100 దగ్గర రెండున్నర. తర్వాతి మెట్టులో ఉన్నట్టుండి 7 అంగుళాలు విడిపోయాయి. మందు తప్పు కాదు. ఫోరెండ్ గట్టి దిమ్మె మీద ఉంది, గొట్టాలు దాన్నుంచి ఎగిరిపడుతున్నాయి. ఇసుక సంచి మీద అరచెయ్యి పెట్టి, ఆ చేతిలో ఫోరెండ్ పట్టుకుని అదే మెట్టు మళ్లీ కాల్చాం. 2135 అడుగులు, ఒకటిన్నర అంగుళాలు, కుడిది కుడివైపూ ఎడమది ఎడమవైపూ. అక్కడే ఆగాం. పట్టిక గరిష్ఠానికి ఇంకా చోటుంది, కానీ ఈ రైఫిల్ ఆ పాత ఫ్యాక్టరీ వేగం 2150కే సరిచేసింది. అంతకు మించి పెంచితే అచ్చులు దాటుతాయి.

ఒత్తిడి గుర్తుల గురించి: ఈ తక్కువ ఒత్తిడి తూటాల్లో ప్రైమర్ చదునైందా అని చూసుకుంటూ కూర్చోవద్దు. రైఫిల్ మామూలుగా తెరుచుకుంటోందా, కేసు వేలితో వస్తోందా అన్నదే గుర్తు. మోకాలి మీద పెట్టి తెరవాల్సి వస్తే హద్దు అప్పటికే దాటిపోయినట్టు. ఎంత బాగా కొట్టినా ఆ లోడును వదిలెయ్యాలి.

20వ రోజు: ఎండలో

కార్డైట్‌కు వేడి పడదు. వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఇండియాకూ ఆఫ్రికాకూ తక్కువ మందుతో ప్రత్యేకంగా ఉష్ణదేశపు తూటాలు కట్టేవారు. మే నెలలో 40 దాటే హైదరాబాద్ ఎండ తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. కొత్త మందుకు కూడా ఎంత తేడా వస్తుందో చూడటానికి, 15 డిగ్రీల ఉదయం కాల్చిన లోడునే 38 డిగ్రీల మధ్యాహ్నం, తూటాలు నీడలోనే ఉంచి, కాల్చాం. వేగం సగటున 30 అడుగులు పెరిగి 2165 అయింది. అచ్చులు అర అంగుళం దగ్గరయ్యాయి, దాటలేదు. రైఫిల్ ఎప్పటిలాగే తెరుచుకుంది. కారు డాష్‌బోర్డు మీద పెట్టిన తూటా మాత్రం 38 దగ్గర ఆగదు, అలాంటిది కాల్చవద్దు.

22వ రోజు: పెట్టె

ఇరవై తూటాలు కట్టి పెట్టెలో సర్దాం. మూత లోపల రాసింది: రైఫిల్ నంబరు, కేసు ఎన్నోసారి, మందు పేరూ లాట్ నంబరూ, బరువు, ప్రైమర్, గుండు కొలత, తూటా మొత్తం పొడవు, 15 డిగ్రీల దగ్గర వేగం. ఎర్ర సిరాతో కింద "ఈ ఒక్క రైఫిల్‌కే". మందు లాట్ మారితే రెండు గ్రెయిన్లు దించి మళ్లీ మొదలు. తర్వాతి పని మెత్తముక్కు లేని సాలిడ్ గుండుది. ఉక్కు తొడుగు, సీసం కడుపు ఉన్న 500 గ్రెయిన్లది, అదీ 0.474 దాటకుండా కొలిచి తెచ్చాం. కట్టింది ఎనిమిది, పట్టిక కనిష్ఠం నుంచే.